జానెడు కిందికి పడిన దేశం

గోడ పోయింది సోమవారం పొద్దున.

సెలవులయ్యాక బడి తెరిచిన మొదటి రోజది. సోషల్ టీచరు ఎప్పటిలాగే బడి గంటకి అరగంట ముందే వచ్చింది. వరండా మలుపు తిరిగి, నాలుగో తరగతి గది ముందు ఆగిపోయింది. పన్నెండు అడుగుల పొడవున ప్రపంచం ఉండాల్సిన చోట తెల్లరంగు ఉంది. ఇంకా పూర్తిగా ఆరలేదు. పక్కనే పెయింటరు స్టూలు మీద కూర్చుని బ్రష్షులు కడుక్కుంటున్నాడు.

“గోడల మీద గీతా రాతా ఒక్కటి కనబడకూడదన్నారండి పెద్దసారు. కనబడకుండా చేశాను” అన్నాడు గర్వంగానే. “మిగతా గోడలన్నీ ఒక్క పూతకే లొంగాయి. ఇదొక్కటే మొండికేసింది. మొదటి పూతకి సముద్రం పైకి తేలుతూనే ఉంది. రెండోది వేశాక గానీ మునగలేదు.”

“బాగా వేశారు” అంది టీచరు. నిజంగానే బాగా వేశాడు. ఒక్క చార లేదు.

హెడ్మాస్టరు కళ్ళజోడు చేత్తో పట్టుకుని పరుగున వచ్చారు. ఆయన చెరిపేయమన్నది వెనకవైపు గోడ మీద పిల్లల పిచ్చిగీతలని. చెప్పడం చెప్పారు గానీ ఏ గోడో చూపించలేదు. తప్పు తనదేనని ఒప్పుకుని, తల గోక్కుని, “ప్రింటు పటం ఒకటి తెప్పించి అతికించేద్దామమ్మా” అన్నారు.

“నేను వేస్తానండి.”

“మీరా? మీరు బోర్డు మీద చెట్టు గీస్తే పిల్లలు గొడుగు అన్నారటగా?”

“చెట్టు వేరండి. పటానికి కొలతలుంటాయి.”

ఆయన ఆమె ముఖం చూసి ఇంకేం తర్కించలేదు. “నెలాఖరు దాకా ఆగుతాను. అప్పటికి కాకపోతే ప్రింటే.”

ఆ పటం వేసింది డ్రాయింగు మాస్టారు. టీచరుకి సొంత అన్నయ్య. ఒకే బడిలో, ఒకే వరండాలో అన్నాచెల్లెళ్ళిద్దరూ పదకొండేళ్ళు పనిచేశారు. ఆయన పోయి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో పాఠం చెబుతూ ఆమె ఒక్కసారి కూడా మధ్యలో ఆగలేదు. గది బయటికి వస్తే గోడ ఉండేది, అంతే.

ఆ గోడ మీద ఒక తప్పు ఉండేది. అది పటం వేసిన ఏడాదిదే. మాస్టారు నిచ్చెన ఎక్కి రష్యా తూర్పు కొసకి ఆకుపచ్చ వేస్తున్నారు. చెల్లెలు నిచ్చెన పట్టుకుంది. పట్టుకోవడమంటే దానికి వీపు ఆనించి నిలబడి హోమ్‌వర్కు పుస్తకాలు దిద్దుకోవడం. కుంచె నుంచి ఒక బొట్టు జారి, గోడ వెంట కిందికి కారి, న్యూజిలాండు నెత్తి మీద ఖాళీ సముద్రంలో ఆగింది. మాస్టారు దిగి గుడ్డతో చార తుడిచారు. చుక్క కూడా తుడవబోతుంటే చుట్టూ మూగిన పిల్లల్లో ఒకరు అడిగారు, “అది ఏ దేశం మాస్టారూ?”

పిల్లలు ఏదైనా అడిగితే ‘ఏమీ కాదు’ అనడం ఆయనకి చేతకాదు. “చిన్నీ, ఇక్కడ ఏ దేశముందే?” అని చెల్లెల్ని అడిగారు.

ఆమె తలెత్తలేదు. “పసిఫిక్‌లో ఆ చివరనా? తువాలు అయ్యుంటుంది.”

మాస్టారు వెంటనే తన గుండ్రటి అక్షరాలతో చుక్క పక్కన ఆ పేరు రాసేశారు. ఒళ్ళు తుడుచుకునే తువాలేనా అని పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత పదకొండేళ్ళపాటు ప్రతి నాలుగో తరగతీ, అది తామే మొదట కనిపెట్టినట్టు, అలాగే నవ్వింది.

ఆ సాయంత్రం టీచరు అట్లాసు తీసి చూసుకుంది. తువాలు ఉండాల్సింది అక్కడ కాదు, ఇంకో జానెడు పైన, పటం కుడి అంచుని ఆనుకుని. లెక్క తప్పిందని చెప్పడానికి అప్పటికప్పుడు అన్న దగ్గరికి పరుగెత్తింది. ఆయన హాయిగా నవ్వారు.

“తుడిచేలోపు నువ్వు దానికి పేరు పెట్టేశావు. పేరు పెట్టాక తుడిచేస్తామా? సెలవుల్లో జరుపుదాంలే.”

సెలవులు వస్తూ పోతూ ఉన్నాయి. స్టాఫ్‌రూములో ఆమె ఎవరి తారీకో, ఎవరి లెక్కో సరిదిద్దబోతే మాస్టారు పేపరు వెనకనుంచి నెమ్మదిగా “తువాలు” అనేవారు. ఆమె నోరు టక్కున మూతపడేది. మిగతావాళ్ళకి ఆ మంత్రమేమిటో ఎప్పటికీ అర్థం కాలేదు.

అయితే ఆ చుక్క మూలాన ఒక అలవాటు మొదలైంది. ఏటా నాలుగో తరగతికి ప్రపంచం పాఠం పెద్ద దేశాలతో కాక, ఆ చుక్కతోనే మొదలయ్యేది. అక్కడివాళ్ళు ఎదురుపడితే నమస్కారంలా ‘తలోఫా’ అని చెప్పుకుంటారని తెలిశాక, గదిలోకి వెళ్ళే ప్రతి పిల్లా ప్రతి పిల్లాడూ చుక్క మీద వేలు పెట్టి తలోఫా చెప్పి వెళ్ళేవాళ్ళు. పదకొండేళ్ళ వేళ్ళు తగిలి ఆ చోట గోడ నున్నగా మెరిసేది.

సాయంత్రం టీచరు వదిన దగ్గరికి వెళ్ళింది. వదిన ఇంటి ముందుగదిలోనే టైలరింగు షాపు నడుపుతుంది. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు, పాదం మిషను మీద. సంగతి విని, సూదులు ఒక్కొక్కటే దిండుకి గుచ్చి, లేచి గోడ మీది మేకుల వైపు చూపించింది. చొక్కాల కాగితపు కొలతలన్నిటి వెనక పెద్ద గోధుమరంగు చుట్ట ఒకటి వేలాడుతోంది.

“మీ అన్నయ్య గోడకెక్కించే ముందు గీసుకున్నది. పదకొండేళ్ళుగా ప్రపంచం నా మేకుకే వేలాడుతోంది. ఎవరో లావుపాటాయన కోటు కొలత అనుకుని ఒకసారి కత్తెర కూడా పెట్టబోయాను.”

ఇద్దరూ కలిసి చుట్టని నేల మీద విప్పి, నాలుగు మూలలా ఇస్త్రీపెట్టె, కత్తెర, దారపు డబ్బా, టీచరు చెప్పులు బరువు పెట్టారు. గళ్ళుగళ్ళుగా గీసిన కాగితం. ప్రతి దేశం హద్దూ, ప్రతి పేరూ మాస్టారి చేతిరాతే. టీచరు మోకాళ్ళ మీద పాకుతూ కుడివైపుకి వెళ్ళింది. అక్కడ ఖాళీ సముద్రం. చుక్క లేదు, పేరూ లేదు. ఎలా ఉంటాయి? అది గీసిన చుక్క కాదు, కారిన చుక్క.

“ఎక్కడ పెడతావు దాన్ని?” అంది వదిన, ఆమె చూస్తున్నదేమిటో గ్రహించి.

“అన్నయ్య పెట్టిన చోటే.”

“ఆయన పెట్టలేదుగా. పడింది.”

టీచరు ఆ ఖాళీ సముద్రం మీది మడతని అరచేత్తో సాపు చేసింది.

“నువ్వేనా చిన్నీ మాట్లాడేది? నా కుట్టు వేలెడు వంకర పోతే, ఇస్త్రీ చేసిన చొక్కా అయినా సరే దగ్గరుండి విప్పించేదానివి.”

“ఇది చొక్కా కాదు వదినా.”

“కాదులే. చొక్కాలో ఉండేది ఒక్క మనిషి. అందులో ఎంతమంది?”

“పదకొండు వేలమంది దాకా.”

వదిన మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత ఆ విషయం ఎత్తలేదు. కాగితం మీది గీతల్ని గోడకెక్కించడానికి గుడ్డ మీద గుర్తులు దించే తన పళ్ళచక్రం, నీలం కార్బను కాగితాలు ఇచ్చింది. చక్రాన్ని ఎంత ఒత్తాలో చూపించింది. మెడలోని టేపు తీసి ఆడపడుచు మెడలో వేసి పంపింది.

మర్నాటినుంచి రోజూ ఆఖరి పీరియడు గోడ దగ్గరే. నాలుగో తరగతి పిల్లలకి తలా ఒక గడి. గ్రీన్‌లాండు వచ్చినవాడు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా గొప్పలు పోయాడు. ఆఫ్రికా పంచుకున్న నలుగురికీ హద్దుల దగ్గర గొడవ. కుడివైపు అంచున గడి పడిన పిల్లాడు మాత్రం ముఖం ముడుచుకున్నాడు.

“నాకంతా సముద్రమే వచ్చింది టీచర్. చిన్నదైనా ఒక దేశం ఇప్పించండి.”

“సముద్రం కూడా ఎవరో ఒకరు వేయాలి కదరా.”

అప్పటినుంచి వాడి పేరు సముద్రం. రోజూ మోచేతుల దాకా నీలం పూసుకుని ఇంటికి వెళ్ళేవాడు.

నెలాఖరుకి రెండు రోజులుందనగా పటం పూర్తయింది. పేర్లన్నీ వదిన చక్రంతో కాగితం మీదనుంచి ఎత్తినవే కనుక, గోడ మీద మళ్ళీ మాస్టారి గుండ్రటి అక్షరాలే ఉన్నాయి. మిగిలింది చుక్క. ముందు పాఠం చెప్పాలి, తర్వాత చుక్క. అది ఆమె పద్ధతి.

“ఈ దేశం మొత్తం తొమ్మిది దీవులు” అని మర్నాడు మొదలుపెట్టింది. “రాజధాని ఉన్న దీవి సన్నగా, వంగిన రిబ్బనులా ఉంటుంది. కొన్నిచోట్ల ఒక పక్క సముద్రం దగ్గర నిలబడి రాయి విసిరితే రెండో పక్క సముద్రంలో పడుతుంది. కొండలు లేవు. మీరు మన బడి డాబా ఎక్కితే, ఆ దేశంలో అన్నిటికన్నా ఎత్తైన నేల కన్నా ఎత్తులో ఉన్నట్టే.”

“నది ఉందా టీచర్?”

“లేదు. ఇళ్ళ కప్పుల మీద పడిన వాన నీటిని ట్యాంకుల్లో పట్టుకుని తాగుతారు.”

“మరి ఆడుకోవడానికి చోటు?”

“విమానం దిగే రన్‌వే ఉంది. వారానికి కొన్ని విమానాలే వస్తాయి. మిగతా సమయంలో సాయంత్రం అక్కడే బంతాట. విమానం వచ్చే ముందు సైరను మోగుతుంది. అప్పుడందరూ బంతి తీసుకుని పక్కకి వచ్చేస్తారు.”

ఆ ముక్క విన్నాక క్లాసు సగం అక్కడికి వెళ్ళిపోవడానికి సిద్ధపడింది. సముద్ర మట్టం పెరిగితే ముందు ఇబ్బంది పడేది అలాంటివాళ్ళేనని కూడా చెప్పింది. అది చెప్పేటప్పుడు గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

తర్వాత అందరూ గోడ దగ్గరికి వచ్చారు. పాఠం సంగతి తెలిసి ఐదో తరగతివాళ్ళూ తమ గదిలోంచి వచ్చేశారు. వాళ్ళకి పటం అక్కర్లేదు, వేళ్ళకే గుర్తుంది. “ఇక్కడే టీచర్” అంటూ నాలుగైదు వేళ్ళు న్యూజిలాండు నెత్తి మీద ఆనాయి. అంగుళం తేడా లేదు.

టీచరు కుంచె ఆకుపచ్చలో ముంచింది.

“ఆగండి టీచర్” అంది నాలుగో తరగతి పిల్ల ఒకతి. ప్రతిదానికీ రుజువు అడుగుతుందని ఆ పిల్లని అందరూ లాయరమ్మ అంటారు. అట్లాసు చంకలో పెట్టుకుని వచ్చింది. స్కేలు పెట్టి, వేలితో గళ్ళు లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టింది. “పుస్తకంలో ఇక్కడ నీళ్ళే ఉన్నాయి. తువాలు చాలా పైన ఉంది.”

“పుస్తకం తప్పేమో. మాస్టారు పెట్టింది ఇక్కడే” అన్నాడు ఐదో తరగతి అబ్బాయి.

“మాస్టారు తప్పు పెట్టారా టీచర్?”

పోయినవాళ్ళని అలా అనకూడదేమోనని లాయరమ్మకే భయం వేసినట్టుంది. అట్లాసు గుండెలకి హత్తుకుంది.

టీచరు కుంచెని డబ్బా మీద ఆనించింది. “మాస్టారు కాదు, నేను. ఆయన నన్నడిగారు. నేను చూడకుండా చెప్పాను. ఆ సాయంత్రమే తెలిసింది నాకు.”

“తెలిసి కూడా మాకు ఇక్కడే అని చెప్పారా?” ఐదో తరగతి అబ్బాయి గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ.

“చెప్పాను. ఏటా చెప్పాను. దేశం గురించి చెప్పినవన్నీ నిజమే. చోటు మాత్రం కాదు.”

“పోనీ అక్కడే ఉండనీయండి టీచర్. పైన పెడితే మాకు అందదు” అంది వెనకనుంచి ఒక పొట్టి పిల్ల.

“మాస్టారు బాధపడతారు” అన్నారింకెవరో.

“ఆ దేశంవాళ్ళెవరైనా వచ్చి చూసుకుంటే?” లాయరమ్మ మళ్ళీ పుంజుకుంది. “మా ఇల్లు తీసుకెళ్ళి పక్క వీధిలో గీస్తే మా అమ్మ ఊరుకోదు.”

టీచరు తల వంచి మెడలోని టేపు చూసుకుంది. దాన్ని తీసి ఒక కొస లాయరమ్మకి ఇచ్చింది. “మాస్టారు బాధపడరు. సెలవుల్లో జరుపుదామని పదకొండేళ్ళుగా అంటూనే ఉన్నారు. కొలువు.”

కొలిచారు. భూమధ్యరేఖ నుంచి కిందికి మూడు అంగుళాల మీద ఇంకో గీత. కుడి అంచు నుంచి అర అంగుళం కన్నా తక్కువ. లాయరమ్మ పెన్సిలుతో గుర్తు పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి చూసింది.

“నా గడి” అన్నాడు సముద్రం. నమ్మలేక రెండోసారి కూడా అన్నాడు. “టీచర్, అది నా గడిలో ఉంది.”

టీచరు కుంచె వాడి చేతికిచ్చింది. వాడు మడమలెత్తి, నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, ఆవగింజంత చుక్క పెట్టాడు. కారలేదు. వాడే ముందుగా గాలిలో వేలు చూపించి తలోఫా అన్నాడు. పొట్టి పిల్ల ఎగిరి అందుకోబోయింది గానీ, ఆరేదాకా ముట్టుకోవద్దని లాయరమ్మ కేకేసింది.

గంట కొట్టాక హెడ్మాస్టరు వచ్చి, వెనక చేతులు కట్టుకుని, ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశారు. “అచ్చం ఆయన వేసినట్టే ఉందమ్మా. అయిపోయినట్టేనా?”

“ఒక్క పేరు ఉందండి.”

“అదెంత పని. రాసేయండి.”

ఆయన వెళ్ళాక టీచరు సన్న కుంచె నల్లరంగులో ముంచి చుక్క పక్కన నిలబడింది. మిగతా పేర్లన్నిటికీ కింద కాగితం ఉంది. ఈ పేరు ఏ కాగితం మీదా లేదు. ఆయన దాన్ని గోడ మీద ఒక్కసారే రాశారు. ఇప్పుడు రాస్తే ఆమె చేతిరాతే అవుతుంది, పక్కనున్న ఏ పేరుతోనూ కలవదు. కుంచె కొసన రంగు చిక్కబడుతోంది. దాన్ని తీసుకెళ్ళి కుళాయి కింద కడిగి, తుడిచి, డబ్బాలో పెట్టింది. వదిన టేపు చుట్టి సంచిలో వేసుకుంది.

నెలాఖరుకి ఇంకో రోజు ఉంది. తువాలు చుక్క తన చోట ఉంది. దాని పేరు ఇంకా రాయలేదు.