రవీందర్ ఎత్తు బంగారం

మేడారం జాతర దగ్గరపడేసరికి మియాపూర్ బెల్లం దుకాణాల ముందు తరాజులు వేలాడాయి. మొక్కుకున్న మనిషి ఒక పళ్లెంలో కూర్చుంటే, రెండో పళ్లెంలో అతని ఎత్తు, అంటే అతనంత బరువు బెల్లం పెడతారు. సమ్మక్క సారలమ్మలకు అదే బంగారం. వెంకటనారాయణ దుకాణంలోని తరాజు మీద నిజాం కాలంలో గున్న ఏనుగును తూచారట. ఏనుగు కిక్కురుమనలేదట. రవీందర్‌కు మాత్రం దాని ముందు నిలబడగానే చెవుల దాకా సెగలు పుట్టాయి.

మొక్కు తల్లి కనకలక్ష్మిది. రెండేళ్ల కిందట, కొడుకు షుగరు దిగితే ఎత్తు బంగారం ఇస్తానంది. దిగింది. షుగరూ బరువూ తగ్గించే సూది వారానికొకటి, సాయంత్రం నడక. బెల్టుకు కొత్త బెజ్జాలు పొడిపించాల్సి వచ్చింది. డాక్టరు కృష్ణప్రియ ఈయన్ని చూడండని మిగతా వాళ్లకు చూపించేది. ఆ మెచ్చుకోలే కొంప ముంచింది. బాగైపోయిందని సూది తనంతట తానే మానేశాడు. నడకను హైటెక్ సిటీ ఆఫీసు మింగింది. పోయిన బరువు బంధుమిత్ర సపరివారంగా తిరిగొచ్చింది.

బరువు మళ్లీ పెరిగినా రావాలని, ఇది ఏళ్ల తరబడి చూసుకోవాల్సిన జబ్బని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. ఏ ముఖంతో వెళ్లడం? క్లినిక్ నుంచి ఫోనొస్తే "ఎనభై రెండు, అంతా మంచిగుంది" అనేవాడు. ఇంట్లోనూ అదే మాట. బరువు మిషన్లో బ్యాటరీ తీసి దాచింది కూడా తనే. ఇక తల్లి కంటికి ఏ కొడుకైనా చిక్కిపోయే కనిపిస్తాడు.

"అమ్మా, ఎనభై రెండు కిలోలు కట్టించుకొని పోదాం. గీ కూసునుడెందుకు?"

"అమ్మవారికిచ్చేది నోటి లెక్కనా? కూసో బిడ్డా."

కూర్చున్నాడు. వెంకటనారాయణ బెల్లం ముద్దలు పేరుస్తూనే ఉన్నాడు.

"దినమంత కుర్చీల కూసునేటోళ్లు బెండు లెక్క ఉంటరనుకున్న సారూ. ఇంకో బస్తా ఇప్పాల్నా?"

వెనక వరుసలో కిసుక్కుమన్నారు. రవీందర్ మెల్లగా కాలి బొటనవేలు నేలకానించాడు. ఆ వేలికి లెక్కలు బాగా వచ్చినట్టున్నాయి. ముల్లు నడిమధ్యన నిలిచేసరికి అవతలి పళ్లెంలో బెల్లం సరిగ్గా ఎనభై రెండు కిలోలు.

కనకలక్ష్మి మురిసిపోయి, పళ్లెం అంచుకు పసుపు పెడదామని వంగింది. వేలు కనిపించింది.

అరవలేదు. చెంగు తల మీదికి లాక్కుని, కొడుక్కి మాత్రమే వినపడేలా అంది.

"కాలు లేపు."

లేపాడు. పళ్లెం దబ్బున నేలకు తగిలింది. అవతలి బెల్లం ఆకాశానికి ఎగిరినంత పని చేసింది. వరుసంతా నవ్వింది. వెంకటనారాయణ నవ్వలేదు, ఇంకో బస్తా విప్పాడు. నూట నాలుగు దగ్గర కుదిరింది.

"షుగరెంతుంది?"

"తెల్వదమ్మా."

"దవాఖానకు పోతలేవా?"

"మొఖం చెల్లలే."

కనకలక్ష్మి అలవాటుగా చిన్న బెల్లం ముక్క విరిచింది. కొడుకు నోటిదాకా తెచ్చిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"మొక్కు తీర్చుకుంటున్న అనుకున్నరా," అంది. "అమ్మవారికే అబద్ధం జెప్పిచ్చినవ్ నాతోటి."

వరుసంతా నవ్వినప్పుడు చావని ప్రాణం అప్పుడు చచ్చింది. రవీందర్ పళ్లెంలోంచి దిగకుండానే ఫోను తీశాడు. క్లినిక్ అమ్మాయి ఎప్పటిలాగే అడిగింది.

"వెయిట్ చెప్పండి సార్."

"నూట నాలుగు."

"పోయినసారి ఎనభై రెండని ఉందండీ."

"అది అబద్ధమమ్మా. సూది గూడ బందు వెట్టిన. మేడమ్‌కు చెప్పుండ్రి. ఇయ్యాల ఉంటరా?"

"ఉంటారండీ. రండి."

"దిగుండ్రి సారూ," అన్నాడు వెంకటనారాయణ. "ఎనుకోళ్లు నిలవడ్డరు. బంగారం బండ్లెక్కియ్యాల్నా?"

"ఆగు," అంది కనకలక్ష్మి. "షుగరు దిగిందో లేదో సూపిచ్చుకొని రానీ. అంతదాక గిది ఈన్నే ఉంటది."

"చీమలొస్తయ్ పెద్దమ్మా."

"నేనుంట గద."

ఆమె ఖాళీ బస్తా పరుచుకుని బెల్లం పక్కన కూర్చుంది. రవీందర్ నాలుగడుగులు వేసి వెనక్కి చూశాడు. ఇందాకటి ముక్క ఆమె గుప్పిట్లోనే ఉంది. రెండో చేత్తో చెంగు విసురుతూ అప్పుడే చీమలను తోలుతోంది.