రేపటి చక్కెర

కడుపులో ఉన్న నా బిడ్డ మీద అబద్ధాలు రాసింది మీరు ముగ్గురూ. పెన్ను పట్టిన అత్తయ్యా, తెలిసీ నోరు మెదపని నా మొగుడూ, పుస్తకం తప్ప నా మొహం ఏనాడూ చూడని డాక్టరమ్మా. ఎవరినీ వదలను.

ఏడో నెలలో తియ్యటి నీళ్ళు తాగించి, రక్తం తీసి, షుగర్ వచ్చిందన్నారు. ఇంటికి రాగానే మా ఆయన అన్న మొదటి మాట, "స్వీట్లు తగ్గించమంటే విన్నావా?" నేను తిన్న స్వీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆసుపత్రిలో నర్సమ్మ ఒక్కతే నాతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది. బిడ్డకి తిండి అందించే మాయలోంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ని సరిగ్గా పనిచెయ్యనివ్వవట. కొందరి ఒళ్ళు తట్టుకుంటుంది, కొందరిది తట్టుకోలేదు. తప్పు ఎవరిదీ కాదు. కానీ నా రక్తంలో ఎక్కువైన చక్కెర బిడ్డకి చేరుతుంది, బిడ్డ అతిగా పెరుగుతుంది, పట్టించుకోకపోతే ఒక్కోసారి ఉన్నట్టుండి కదలడం మానేస్తుంది. "పరగడుపున తొంభై అయిదు లోపు, తిన్న రెండు గంటలకి నూట ఇరవై లోపు. తిండితో, నడకతో దిగకపోతే ఇన్సులిన్ ఉంది. భయం లేదు తల్లీ," అంది.

వేళకి తినమంది. మా ఇంట్లో నా వేళ అందరి కంచాలూ కడిగాకే వస్తుంది. నడవమంది. నాలుగు గదులు ఊడ్చేది నడక కాక మరేమిటని అత్తయ్య నవ్వింది.

షుగర్ మిషన్ కూడా ఆవిడే తీసుకుంది. "అంకెలు చూస్తే బెంబేలెత్తుతావు అమ్మాయ్. వేలిచ్చి ఊరుకో." నేను వేలు ఇచ్చేదాన్ని. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, మిషన్ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, నాకు వీపు తిప్పి చూసేది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన షుగర్ పుస్తకంలో రాసి, రెండూ బీరువాలో పెట్టి తాళం వేసేది. ఎంతొచ్చిందని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు, బాగానే ఉంది. బిందెడు నీళ్ళు తాగినా నా నాలుక తడారిపోయేది. డాక్టరమ్మ పేజీలు తిప్పి, భేష్, ఇలాగే ఉంచండి అనేది. పుస్తకంలో ఉన్నావిడ ఆరోగ్యంగానే ఉంది.

నేను బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని చేస్తాను. పొద్దున్నే గేటు దగ్గర హాజరు మిషన్ మీద వేలు పెట్టాలి. పొడిచి పొడిచి వేళ్ళు గట్టిపడ్డాయో ఏమో, ఆ మిషన్ నన్ను గుర్తుపట్టడం మానేసింది. "ఏమ్మా, రోజుకో మనిషిని పంపిస్తున్నావా?" అన్నాడు సూపర్‌వైజర్. అందరితోపాటు నేనూ నవ్వాను. లోపలికెళ్ళి కుర్చీలో కూర్చున్నాక నవ్వు రాలేదు.

ఈ పొద్దున అత్తయ్య స్నానానికి వెళ్తూ తాళంచెవి బీరువాకే మర్చిపోయింది. పుస్తకం తీశాను. ఇవాళ్టి తేదీ కింద రేపటిది ఉంది. పరగడుపున ఎనభై ఎనిమిది. తిన్నాక నూట పద్నాలుగు. ఎల్లుండిది ఉంది. ఆవలెల్లుండిది ఉంది. రేపటి రక్తం ఇంకా నా ఒంట్లో ఊరలేదు, దాని అంకె మాత్రం నీలం సిరాతో ఆరిపోయి ఉంది.

వెనకాల ఎవరో ఉన్నట్టనిపించింది. మా తోడికోడలు. పోయినేడు తొమ్మిదో నెలలో బిడ్డ పోయిన దగ్గర్నుంచి అక్క మాట్లాడటమే అరుదు. చెయ్యి చాపి, చీరల అడుగు నుంచి తన పాత షుగర్ పుస్తకం లాగింది. "పక్కన పెట్టి చూడు చెల్లీ."

అదే చేతిరాత. ఎనభై ఎనిమిది, నూట పద్నాలుగు. తొంభై ఒకటి, నూట పదిహేడు. వరస వరసా అదే, తేదీలే వేరు. అక్కకీ ఆవిడే ఊహించి రాసింది. ఆ పుస్తకాన్ని డాక్టరమ్మ మెచ్చుకుంది కాబట్టి, నాకూ దాన్నే చూసి దించేసింది. అక్క పుస్తకం ముప్పై ఏడో వారంలో ఆగిపోయింది. చివరి రోజు పరగడుపున తొంభై. మధ్యాహ్నం గడి ఖాళీ. ఆ మధ్యాహ్నమే బిడ్డ కదలలేదు. మన చేతుల్లో ఏముంది అన్నారు అందరూ.

నాకిప్పుడు ముప్పై ఆరో వారం. దించడానికి ఇంక ఆరు రోజుల అంకెలే మిగిలాయి.

అక్క బీరువాలోంచి షుగర్ మిషన్ తీసి బటన్ నొక్కింది. పాతవన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. పరగడుపున నూట ముప్పై ఒకటి. తిన్నాక నూట తొంభై ఎనిమిది, రెండు వందల నాలుగు.

అత్తయ్య తడి జుట్టుతో వచ్చి చూసింది. బెదరలేదు. "ఇన్సులిన్ సూదులు పొడుచుకునే కోడళ్ళని నలుగురూ ఏమంటారు? నీ మంచికే రాశాను." గుమ్మంలో నిలబడ్డ మా ఆయన నేల చూశాడు. "అమ్మకి ఎదురు చెప్పమంటావా?"

అంటే ఆయనకీ తెలుసు.

ఇద్దరం అలాగే బయల్దేరాం. డాక్టరమ్మ గది ముందు బల్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. అక్క ఒళ్ళో రెండు పుస్తకాలు, నా గుప్పిట్లో మిషన్.

అత్తయ్యా, ఇకమీదట నా వేలు మీకివ్వను. ఏమండీ, రేపట్నుంచి వేళ కాగానే అందరికంటే ముందు నా కంచం పెట్టండి, వెనకాల అంట్లు మీరు తోమండి. డాక్టరమ్మా, ఇప్పుడే ఆ పుస్తకాలు మూసెయ్యండి. మిషన్ బటన్ నొక్కండి, ఇన్సులిన్ రాయండి, నా కడుపు మీద చెయ్యి పెట్టండి. బిడ్డ కదులుతోంది. కదులుతుండగానే చూడండి.