పది రొట్టె ముక్కలు

ఉడికిన గుడ్డు నేను ఒలిస్తేనే ఎలి తినేవాడు. వాడికప్పుడు మూడున్నరేళ్ళు. వంటింటి గట్టు మీద కూర్చుని, పెంకు ఎంత పెద్ద ముక్కగా ఊడివస్తుందా అని ఊపిరి బిగబట్టి చూసేవాడు. పెద్దది వస్తే జేబులో దాచుకునేవాడు. హుస్సేనమ్మ వచ్చిన అయిదో రోజున వాడు ఆమె ఒలిచిన గుడ్డు తిన్నాడు. ఆమె పెంకును చిన్న చిన్న ముక్కలుగా గిల్లింది. అయినా తిన్నాడు.

నేను ఉల్లిపాయలు తరుగుతూ చూశాను.

రాస్ అల్ ఖైమాలో అది కొండకు దగ్గరి విల్లా. జోయెల్ సారు రాళ్ళ క్వారీలో ఇంజనీరు. వాళ్ళు యూదులు, జోహన్నెస్‌బర్గ్ నుంచి వచ్చినవాళ్ళు. ఆయన భార్య మిరియం మేడమ్, పిల్లలు ఆరేళ్ళ తాలియా, ఎలి. ఆ ఊళ్ళో వాళ్ళ మతం వాళ్ళు ఇంకెవరూ లేరు. "మా పండగల సంగతి బయట మాట్లాడక్కర్లేదు రాజూ" అని సారు చేరినరోజే చెప్పాడు. నాకు లోపలే మాటలు తక్కువ, బయట ఎవరితో మాట్లాడతాను? మాది రాజోలు దగ్గర పల్లె. అక్కడ వెంకటరాజుని, ఇక్కడ రాజుని. వంట, మొక్కలు, బజారు పని నావి.

మా అమ్మాయి చిన్నికి ఎలి వయసే ఉన్నప్పుడు నేను దుబాయ్ వచ్చాను. మూడేళ్ళ తర్వాత సెలవు మీద వెళ్తే తల్లి చీరచాటున నిలబడి, "ఈయన ఎన్నాళ్ళుంటాడమ్మా?" అని అడిగింది. అందుకని, బజారు నుంచి నేను రాగానే గేటు దాకా పరిగెత్తుకొచ్చే ఎలి నాకు ఎంతో, ఇంకొకరికి చెప్పినా అర్థం కాదు.

ఆ ఏడు, అంటే రెండువేల ఆరులో, మార్చిలో వాళ్ళకు పూరిం అని ఓ పండగ వచ్చింది. పిల్లలు వేషాలు వేసుకుంటారు. మేడమ్ ఒక కథ చదువుతుంది. అందులో చెడ్డవాడి పేరు వచ్చినప్పుడల్లా ఆ పేరు వినపడకుండా గోల చెయ్యాలి. గోల చేసే గిలక్కాయలు కావాలంది. నేను రెండు పాలపొడి డబ్బాల్లో శనగలు పోసి, కర్ర పిడి బిగించి ఇచ్చాను. ఎలి ఆ సాయంత్రమంతా నా భుజాల మీదే కూర్చుని నా చెవి పక్కనే డబ్బా ఊపాడు. రెండు రోజులు చెవి గుయ్యిమంటూనే ఉంది. అదీ బాగానే అనిపించింది.

పూరిం అయిన వారానికి పిల్లల్ని చూసుకోడానికి హుస్సేనమ్మ వచ్చింది. కడప మనిషి. అంతకు ముందు ఖోర్ ఫక్కాన్‌లో ఒక అరబ్బు ఇంట్లో ఆరేళ్ళు పిల్లల్ని పెంచింది. ముప్పై అయిదు ఉంటాయి. వచ్చీ రాగానే, "రాజన్నా, నీ చేత్తో గట్టిగా ఓ చాయ్ పోయరాదా, ఇంట్లో వాళ్ళందరికీ నువ్వే వండుతాండావంట" అంది. మంచిగానే అడిగింది. చాయ్ ఇచ్చాను. పంచదార తక్కువ వేసి ఇచ్చాను.

ఏప్రిల్‌లో పెసాహ్. మా ఊరి చర్చివాళ్ళు పస్కా అంటారు, అదే ఇది. ఎనిమిది రోజులు ఇంట్లో పులిసిన పిండి, రొట్టె, బిస్కెట్టు, చివరికి వాటి పొడి కూడా ఉండకూడదు. పొంగని పలచటి రొట్టె, మాట్సా అంటారు, అదే తినాలి. సారు దాన్ని సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెచ్చాడు. అంతకు ముందు ఏడు వాళ్ళు ఈ పండగకి సొంత ఊరు వెళ్ళారు. కాబట్టి నేను చూడటం అదే మొదలు.

పదిరోజులు ఇల్లు కడిగాను. ఫ్రిజ్ అరలు ఊడదీసి ఎండలో పెట్టాను. అవెన్ లోపలికి తలదూర్చి గీకాను. గరిటెలు, చెంచాలు పెద్ద గిన్నెలో మరగబెట్టాను. ఎలి కుర్చీ సందుల్లో ఎండిపోయిన బిస్కెట్టు పిండిని పళ్ళ బ్రష్షుతో తీశాను. కారు సీటు కింద, బొమ్మల పెట్టెలో, సోఫా కుట్ల మధ్యన, మేడమ్ వంట పుస్తకాల పేజీల్లో కూడా దులిపాను. క్వారీ దుమ్ము పడే ఊళ్ళో ఇల్లు అంత శుభ్రంగా ఉంచడం మాటలు కాదు. మేడమ్ తెల్లగుడ్డ పెట్టి తుడిచి చూసి, "రాజూ, మా అమ్మ కూడా ఇంత బాగా చెయ్యలేదు" అంది. ఆ మాట ఎలి వింటే బాగుండేది. వాడు పక్కగదిలో హుస్సేనమ్మ ఒళ్ళో ఉన్నాడు.

అక్కడ ఏం జరుగుతోందంటే, కథ. మేడమ్ కాగితం బొమ్మలు కత్తిరించి పిల్లలకు పండగ కథ చెబుతోంది. బుట్టలో పసిబిడ్డ, నది, చెడ్డ రాజు. హుస్సేనమ్మ కళ్ళు పెద్దవి చేసి, "మేడమ్, ఇది మా మూసా నబీ కత గదా! ఆ రాజు ఫిరౌన్!" అంది. తనకొచ్చిన ఇంగ్లీషు, హిందీ కలిపి మిగతాది ఆమే చెప్పేసింది. బిడ్డను నదిలోంచి తీసింది రాజు కూతురని తాలియా, కాదు రాజు పెళ్ళామని హుస్సేనమ్మ. ఇద్దరూ పోట్లాడుకున్నారు. మేడమ్ కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. ఎలి బుట్టను నేల మీద ఈదిస్తున్నాడు.

మా వైపు కథల్లోనూ పెట్టెలో పెట్టి ఏట్లో వదిలిన బిడ్డ ఒకడున్నాడు. గుమ్మం దగ్గర నిలబడి చెబుదామా అనుకున్నాను. మాటలు కూడదీసుకునేలోగా వాళ్ళు కథలో సముద్రం దాటేశారు.

పండగకి ముందు రోజు మంగళవారం. పొద్దున ఇల్లంతా ఇంకోసారి చూసి, "ఖలాస్ రాజూ, అయిపోయింది" అంది మేడమ్. నేను చేపల మార్కెట్టుకి వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చాను. వంటింట్లోకి పోతూ ఉంటే హాల్లోంచి హుస్సేనమ్మ వస్తోంది. చేతిలో ఏదో ప్లాస్టిక్ సంచి. నన్ను చూసి ఓణీ కిందికి లాక్కుంది. పిల్లలు నిద్రలో ఉన్నారేమో, వేలు పెదాల మీద పెట్టుకుని నవ్వింది.

నాలుగు గంటలప్పుడు హాల్లో ఫొటో ఫ్రేము పక్కకు జరిగి ఉంటే సర్దబోయాను. వెనకాల వెండికాగితం చుట్టిన చిన్న ఉండ. విప్పితే రొట్టె ముక్క.

పదిరోజుల పని. సోఫా దిండు కింద ఇంకోటి. పుస్తకాల అర, చెప్పుల స్టాండు, కిటికీ గట్టు, బొమ్మల పెట్టె. వెతికితే ఒకటి తర్వాత ఒకటి పది దొరికాయి. ఎవరు పెట్టారో తెలుసు. ఎందుకు పెట్టిందో కూడా తెలుసనుకున్నాను. రేపు ఇవి మేడమ్ కంట పడాలి, రాజు పని ఇంతేనని అనుకోవాలి. గుడ్డు అయిపోయింది, ఒడి అయిపోయింది, కథ అయిపోయింది. ఇంక నాకు మిగిలిన శుభ్రం కూడా కావాలి ఈమెకి.

కోపంలో ఒక ముక్క విప్పి గోడ అవతల గోరింకలకు విసిరేశాను. మిగతా తొమ్మిదీ పెరట్లో ఉన్న పనివాళ్ళ గదుల వైపు తీసుకెళ్ళి, హుస్సేనమ్మ ట్రంకుపెట్టెలో బట్టల కింద పెట్టాను. రేపు మేడమ్‌తో, ఈమె ఇంట్లో రొట్టె దాచింది, పెట్టె చూడండి అందామని.

చీకటి పడింది. సారు అందరినీ హాల్లోకి పిలిచాడు. లైట్లు ఆర్పించాడు. తాలియా చేతిలో కొవ్వొత్తి, ఎలి చేతిలో పక్షి ఈక, సారు చేతిలో చెక్క గరిటె, కాగితం సంచి. సారు ఏదో ప్రార్థన చదివాడు. తర్వాత తాలియా గొంతు తగ్గించి నాతో అంది, "రాజూ, ఇప్పుడు మేం వెతుకుతాం. పది ముక్కలు దాచారు. అన్నీ పట్టుకుని రేపు పొద్దున కాల్చేస్తాం."

"ఎవరు దాచారు?"

"హుస్సేనమ్మ! మమ్మీ చెప్పింది. ప్రతి ఏడూ ఎవరో ఒకరు దాచాలి."

నేను పెరటి తలుపు వైపు చూశాను.

ఫొటో వెనక చూశారు. లేదు. సోఫా కింద చూశారు. లేదు. ఎలి ఈకతో ఖాళీ నేలను ఊడ్చాడు. మేడమ్ హుస్సేనమ్మ వైపు చూసింది.

"ఆడనే పెట్టినా మేడమ్. నా చేతులారా."

"రాజూ, నువ్వు మళ్ళీ గాని తుడిచావా?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం రాదు. తుడిచాను అంటే చాలు. కానీ తీసినవి ఎక్కడని అడుగుతారు కదా. "లేదు మేడమ్" అన్నాను.

"పది పెట్టామని తెలిశాక దొరక్కుండా వదలకూడదు. ఇల్లంతా వెతకాల్సిందే" అన్నాడు సారు. "పైన చూద్దాం పదండి."

మెట్లెక్కుతూ ఎలి ఏడుపు మొదలుపెట్టాడు. "ఒక్కటి కూడా లేదు, ఒక్కటి కూడా లేదు" అని. నేను పెరటి తలుపు తీసుకుని పరిగెత్తాను.

ట్రంకుపెట్టెలో చెయ్యి పెట్టి ఉండగా వెనక టార్చి వెలిగింది.

"ఏం రాజన్నా, నా పెట్టెలో ఏం పోగొట్టుకుంటివి?"

చెయ్యి బయటికి తీశాను. వెండికాగితం ఉండలు మెరిశాయి. ఆమె నా చేతిని చూసింది, పెట్టెను చూసింది. టార్చి నా మొహం మీద వేసి అలాగే ఉంచింది.

"నన్ను ఈ ఇంట్లోంచి పంపించల్లనుకుంటివా?"

"ఆయ్, అవును" అన్నాను. ఇంకేం చెప్పను?

"నేనేం చేస్తి నీకు?"

"ఎలి నీ దగ్గర గుడ్డు తిన్నాడు."

ఆమె ఫక్కున నవ్వింది, వెంటనే నవ్వు ఆపేసింది. "నలభై ఏండ్లోనివి. థూ" అంది. ముక్కలు లెక్కపెట్టింది. "తొమ్మిదే. ఇంకోటి యాడ?"

"గోరింకలకి ఏసేశాను."

"ఇంట్లో ఇంక రొట్టె పొడి కూడా లేదు గదా. నువ్వు కడిగి సస్తివి." ఆమె తన రాత్రి తిండికని పెట్టుకున్న ఖుబ్బుస్ రొట్టె తీసి ఓ ముక్క తుంచింది. వంటింట్లోంచి వెండికాగితం తెచ్చి చుట్టాను. "యల్లా, నడువు. సోఫా కాడ నువ్వు పెట్టు. ఫొటో ఎనక నేను పెడతా. వాండ్లు దిగొచ్చే లోపల."

చీకట్లో ఇద్దరం దొంగల్లా తిరిగాం. నేను కుర్చీ తన్నుకున్నాను. ఆమె "మెల్లిగా, మెల్లిగా" అని గద్దించింది. మెట్ల మీద కొవ్వొత్తి వెలుగు కనపడేసరికి ఇద్దరం గోడవార నిలబడ్డాం.

"మేడమ్, పిల్లోల్లు ఏడుస్తాంటే మనసాగలేదు. ఇంకోసారి కింద చూడండి" అంది హుస్సేనమ్మ.

ఫొటో వెనక మొదటిది దొరికింది. ఎలి కేక ఇంటి పైకప్పుకు తగిలింది. పదీ దొరికాయి. ప్రతిదానికీ వాడు ఈకతో ఊడ్చి, గరిటెలోకి ఎక్కించి, పరిగెత్తుకుంటూ పోయి చూపించింది హుస్సేనమ్మకే.

ఆమె ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ రాత్రి అనలేదు, పొద్దున కూడా అనలేదు. పెరట్లో పాత డబ్బాలో ఆ ముక్కలు కాలుతూ ఉంటే, పిల్లలిద్దరినీ చెరో చేత్తో మంటకు దూరంగా పట్టుకుని నిలబడింది. నా వైపు చూడను కూడా చూడలేదు. తిడితే బాగుండేది. మేడమ్‌కి చెప్పి నన్ను పంపించేస్తే ఇంకా బాగుండేది. నేను ఆమె మీద చాడీ చెప్పబోయాను, ఆమె నన్ను కాచింది. పిల్లలే అనుకుంటే ఇప్పుడు మంచితనంలో కూడా ఆమెదే పై చెయ్యి. ఆ ఒక్కటైనా ఆమెకు దక్కనివ్వకూడదని, "మేడమ్, నిన్న ముక్కలు తీసింది నేనే" అన్నాను.

మొత్తం చెప్పాను. ట్రంకుపెట్టె కూడా. నా జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. సారు నవ్వబోయి, మేడమ్ మొహం చూసి ఆగాడు.

"నాకెందుకు చెబుతున్నావు? ఆమెకు చెప్పు" అంది మేడమ్.

"తప్పయిపోయింది హుస్సేనమ్మా."

"రాత్రే తెలిసె గదన్నా. మళ్ళీ ఏంటికి అందర్లో?" అంది ఆమె విసుగ్గా. నిజంగానే విసుగు. అక్కడ కూడా నాకేమీ మిగల్చలేదు.

తాలియా మాత్రం గెంతులేసింది. "రాజు దొంగ! రాజు రొట్టె దొంగ!" అని డబ్బా చుట్టూ తిరిగింది. తర్వాత గట్టిగా ఆలోచించి తీర్పు చెప్పింది. "అయితే సాయంత్రం రాజే ఫిరౌన్."

సాయంత్రం భోజనాల ముందు ఆ కథే ఆటగా ఆడారు. బానిసల్ని వదలనన్న ఫిరౌన్ మీదకి దేవుడు కప్పలు, చీకటి అంటూ ఒకదాని తర్వాత ఒక దెబ్బ పంపిస్తాడు, చివరికి రాజు ఒప్పుకుని వదిలేస్తాడు. నా తలకి అట్టముక్క కిరీటం కట్టారు. హుస్సేనమ్మ సోఫాలో కూర్చుని ఫిరౌన్ ఎలా నిలబడాలో నాకు చెప్పింది. "ఛాతీ ఇరుచుకో రాజన్నా. నువ్వు పాపిష్టోడివి, గుర్తు పెట్టుకో." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఎలి ఆమె ఒళ్ళోంచి దిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు. "వదిలెయ్!" అన్నాడు. రాజు వదలను అనాలి. అదీ ఆట. నేను వాడి చెయ్యి పట్టుకుని, "వదలను" అన్నాను, తెలుగులో. వాడికి ఆ మాట తెలీదు, అయినా కిలకిల నవ్వాడు. "వదిలెయ్!" అని లాగాడు. "వదలను." మళ్ళీ లాగాడు. ఈకలాంటి చెయ్యి. తాలియా వచ్చి చెంచాతో కప్పల్ని నా మీద పోసినట్టు చేసింది. చీకటి వచ్చిందని లైటు ఆర్పి, మళ్ళీ వేసింది. అన్ని దెబ్బలూ అయిపోయాయి, రాజు ఒప్పుకోవాల్సిన వేళ వచ్చింది. మేడమ్ నా వైపు చూస్తోంది. నేను ఇంకా పట్టుకునే ఉన్నాను.

ఎలి నవ్వు ఆపాడు. "రాజూ, నిజంగా వదిలెయ్" అన్నాడు.

"ఇంక చాల్లే అన్నా. వానికి నిద్దరొస్తాంది" అంది హుస్సేనమ్మ, మెల్లగా.

వదిలాను. వాడు పోయి ఆమె ఒళ్ళో పడుకున్నాడు. ఆమె ఓణీ కొంగు మడిచి వాడి తల కింద పెట్టింది. నేను కిరీటం తీసి బల్ల మీద పెట్టి, సూప్ వేడిగా ఉందో లేదో చూడటానికి వంటింట్లోకి వెళ్ళాను.