తలెత్తి చూడని మనిషి

దర్జీకి మాటలు తక్కువ. కొలతలు తీసేటప్పుడు "చెయ్యెత్తు", "దించు" అంటాడు, అంతే. అలాంటివాడు ఆ రోజు అన్నం తింటూ తింటూ కంచం పక్కకు జరిపి "వద్దు" అన్నాడు.

మనవరాలు నవ్వింది. "వద్దేమిటి తాతా! డైరెక్టరుగారు ఒప్పేసుకున్నారు. నానమ్మ టీవీలో కనిపిస్తుంది."

ఆ పిల్ల కొత్తగా సీరియల్ వాళ్ళ దగ్గర బట్టలు చూసే పనిలో చేరింది. పాతకాలపు పల్లెటూరి సీరియల్. సాయంత్రం అది మొదలైతే వీధిలో మనిషి అలికిడి ఉండదు, కొట్టువాళ్ళు కూడా బేరం వదిలేసి లోపలికి పోతారు. ఇప్పుడందులో ఒక సీను తీయాలట. నీళ్ళకుండ నెత్తిన పెట్టుకుని ఒక పెద్దావిడ కాలువ మీద వేసిన చెక్కపలక దాటాలి. వేషానికి వచ్చినవాళ్ళందరూ పలకను చూసి భయపడిపోయారట. "మా నానమ్మ చిన్నప్పుడు రోజూ దాటేది సార్" అని ఈ పిల్ల గొప్పగా చెప్పేసింది.

"నేను వెళ్తానయ్యా. అదేమన్నా కొత్తా నాకు?" అంది దర్జీ భార్య.

దర్జీకి నిజం తెలుసు.

ఆమె ఏ పలకా దాటలేదు. ఏ కాలువా చూడలేదు. పుట్టింది ఈ ఊళ్ళోనే, సబ్బుల కార్ఖానా వెనక గదిలో. తల్లి పోయాక ఆ కార్ఖానాలోనే సబ్బు ముక్కల మీద ముద్ర కొడుతూ పెరిగింది. కిటికీ తెరిస్తే కొవ్వు మరిగే కంపు, మూస్తే ఊపిరాడదు. అదే సందు చివర దర్జీ తండ్రి మిషను ఉండేది. కార్ఖానా ఎప్పుడో పడగొట్టారు. అక్కడి మనుషులూ పోయారు. ఈ సంగతి తెలిసినవాడు ఇప్పుడు దర్జీ ఒక్కడే.

మరి పల్లెటూరు ఎక్కడి నుంచి వచ్చిందంటే, టీవీలో నుంచి. ఇంటికి టీవీ వచ్చిన కొత్తలో ఇలాంటిదే ఒక సీరియల్ వచ్చేది. పొలాలు, పశువులు, అరుగు మీద కబుర్లు. ఒకరోజు అది చూస్తూ చూస్తూ, "మా ఊళ్ళో కూడా ఇలాగే ఉండేది" అంది. దర్జీ మిషను ఆపి చూశాడు. ఆమె కళ్ళార్పకుండా తెర చూస్తోంది. మొహం వెలిగిపోతోంది. అతను మళ్ళీ మిషను తొక్కాడు. ఆ తొక్కడమే ఒప్పుకోవడమైంది.

ఏడాదికేడాదికి ఊరు పెరిగింది. ఊరికి కాలువ వచ్చింది, కాలువ మీద పలక వచ్చింది. ఆమె అరచేతిలో కాస్టిక్ సోడా పడి కాలిన మచ్చ ఉంది. దాన్ని మనవరాలికి చూపించి, "చేదతాడు రాసుకుపోయిందే, అంత లోతు మా బావి" అనేది. పిల్ల ఆ మచ్చ నిమురుతూ నిద్రపోయేది. కాస్టిక్ మాట చెప్పి ఎవరిని నిద్రపుచ్చగలం? దర్జీ నోరు మెదపలేదు.

ఇన్నాళ్ళూ మెదపకపోవడం ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

ముక్కాలి పీట ఎక్కితేనే ఆమెకు కళ్ళు తిరుగుతాయి. అటక మీద డబ్బా దించాలంటే పక్కింటివాళ్ళని పిలవాలి. ఈత రాదు. తనకీ రాదు.

మనవరాలు పనిలోకి వెళ్ళాక దర్జీ భార్య ఎదురుగా కూర్చున్నాడు.

"ఒంట్లో బాగాలేదని చెప్పు."

"బానే ఉందిగా."

"నీకు... ఎత్తు పడదు."

"రోజూ నడిచినదాన్నయ్యా" అందామె.

ఇంట్లో ఇద్దరే ఉన్నారు. వినేవాళ్ళు లేరు. అయినా తడుముకోకుండా, అతని కళ్ళలోకి చూస్తూ అంది. అబద్ధమని తెలిసి అంటే భయం లేదు, ఆఖరి నిమిషంలో ఆగుతుంది. నిజంగా నమ్మితే? నమ్మినదైతే నేరుగా వెళ్ళి పలకెక్కుతుంది.

మర్నాడు పెరటి దారిలో ఏదో పగిలిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే నేలంతా నీళ్ళు, కుండ పెంకులు. ఆమె గోడ పట్టుకుని నిలబడి ఉంది. జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది.

"అలవాటు తప్పింది" అంది.

దర్జీ వంగి పెంకులు ఏరాడు. మనవరాలితో చెప్పేద్దామా అనుకున్నాడు. నోటిదాకా వచ్చింది. చెబితే పలక తప్పుతుంది. కానీ ఆ పిల్ల ఇంకెప్పుడూ ఆ మచ్చ నిమరదు. ఆమెకు మిగిలేది సబ్బుల కార్ఖానా వెనక గది ఒక్కటే.

"నాకూ ఏదైనా వేషం ఇప్పించవే" అన్నాడు ఆ సాయంత్రం మనవరాలితో.

"నువ్వా! నీకు డైలాగు ఇస్తే సీరియల్ అక్కడే ఆగిపోతుంది తాతా."

"డైలాగు వద్దు. నీళ్ళలో ఉండేది ఇప్పించు."

పిల్ల పడీ పడీ నవ్వింది. కానీ ఇప్పించింది. పలక పక్కన కాలువలో గేదెను కడిగే ముసలాడి వేషం.

షూటింగు ఊరి బయట. అక్కడో పల్లెటూరే ఉంది. దర్జీ ఒక గోడను వేలితో తట్టి చూశాడు. చెక్కకు మట్టి పూశారు. వెనక్కి వెళ్తే ఇల్లు లేదు, ఊతకర్రలున్నాయి. కాలువ మాత్రం నిజందే. నీళ్ళు నిండుగా, మట్టిరంగులో, సుడులు తిరుగుతూ పోతున్నాయి. పలకా నిజందే. రెండు పాదాలు పక్కపక్కన పట్టవు.

"కుండ ఖాళీది పెట్టకూడదా బాబూ?" అని డైరెక్టరును అడిగాడు. అతనికది పెద్ద ప్రసంగం.

డైరెక్టరు మర్యాదస్థుడే. "ఖాళీ కుండతో నడక తేలిపోతుంది పెద్దాయనా. జనం పట్టేస్తారు. వాళ్ళకి నిజం కావాలి" అన్నాడు.

గేదె యజమాని నీళ్ళలో నిలబడి తాడు అందించాడు. "గేదెను ఎప్పుడైనా ముట్టుకున్నావా?"

"చూశాను."

"ఎక్కడ?"

"టీవీలో."

"అయితే దానికి నువ్వు చూశావని చెప్పు, ఏమీ అనదు" అని నవ్వాడు అతను. "మా ఇంట్లోనూ ఇదే సీరియల్. మనం ఇలా ఎప్పుడున్నామే, నడుములు విరిగేవి కదే అంటాను. నోర్మూసుకుని చూడనివ్వమంటుంది మా ఆవిడ."

నీళ్ళు దర్జీకి రొమ్ము దాకా వచ్చాయి. కాళ్ళ కింద బురద జారుతోంది. గేదె ఒక్కసారి ఒరిగితే ప్రాణం పోయినంత పనైంది. అయినా పలకకు దిగువనే నిలబడ్డాడు. పడితే ప్రవాహం ఆమెను తన మీదకే తేవాలి. పట్టుకోగలడా, ఇద్దరూ కొట్టుకుపోతారా, అంతకుమించి ఆలోచించలేదు.

ఆమె వచ్చింది. ముతకబట్టల్లో, నెత్తిన కుండతో. ఒడ్డు మీద మనవరాలు చప్పట్లు కొట్టబోయి ఆపుకుంది.

ఆమె పలక మీద కాలు పెట్టింది. పలక కిర్రుమంది. ఒక అడుగు. ఇంకొకటి. కుండలో నీళ్ళు తొణికి దర్జీ మొహం మీద పడ్డాయి. సగానికి వచ్చి ఆగిపోయింది. కాలివేళ్ళు పలకను గీరుతున్నాయి. డైరెక్టరు, బాగా చేస్తోందనుకుని కాబోలు, ఆపలేదు.

దర్జీ తలెత్తి చూశాడు. ఆమె కళ్ళు కిందికి దిగాయి. ఆ కళ్ళలో ఊరు లేదు, కాలువ లేదు. కాస్టిక్ పడిన రోజు సందులోకి పరుగెత్తుకొచ్చిన పిల్ల ఉంది.

పెదవులు కదపకుండా అడిగింది. "లోతెంతయ్యా?"

దర్జీ పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడలేదు. ఆడటానికి మాట్లాడితే కదా.

"మోకాళ్ళ దాకే. నేను కూర్చున్నాను" అన్నాడు.

ఆమె కదిలింది. మెల్లగా, పలకను బతిమాలుకుంటున్నట్టు నడిచి అవతల ఒడ్డెక్కింది.

"అద్భుతం!" అని అరిచాడు డైరెక్టరు. "కానీ అమ్మా, ఇంకోసారి నడవాలి. గేదె దగ్గర పెద్దాయన తలెత్తి గుడ్లప్పగించి చూస్తున్నాడు. రోజూ చూసేదాన్ని అలా ఎవరు చూస్తారు? మొత్తం పాడైంది. పెద్దాయనా, తల దించి గేదెను రుద్దండి చాలు. మళ్ళీ చూశారంటే మళ్ళీ తీయాలి."

దర్జీ తల దించుకున్నాడు. తనవల్లనే. గట్టున ఉండి ఉంటే ఈపాటికి ఇంటికి పోయేవాళ్ళు.

కుండ మళ్ళీ నింపారు.

ఈసారి చూడకూడదు. అతను గేదె వీపు మీద చూపు పెట్టి గడ్డితో రుద్దసాగాడు. పలక కిర్రుమంది. రుద్దాడు. నీళ్ళ మీద ఆమె నీడ పడింది, అలలకు విరిగి అతుక్కుంటూ ముందుకు జరుగుతోంది. ఆ నీడ చాలు, అదొక్కటి నిలబడితే చాలు. సగానికి వచ్చింది. ఆగింది. పైనుంచి ఒక నీటిచుక్క చేతి మీద పడింది. మెడ తనంతట తానే లేవబోయింది. పళ్ళు బిగపట్టి గేదె చెవి వెనక రుద్దాడు. ఎంత గట్టిగా రుద్దాడంటే అది విసుక్కుని తల విదిల్చి కొమ్ముతో భుజం మీద పొడిచింది. అప్పుడూ తలెత్తలేదు.

పలక ఇంకోసారి మూలిగింది. పెద్ద మూలుగు. చెక్క విరగబోయే ముందు అలాగే మూలుగుతుందేమో అతనికి తెలియదు. కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి నీళ్ళ మీద నీడ లేదు. పడిన చప్పుడూ లేదు.

ఒడ్డు మీద చప్పట్లు వినిపించాక కూడా చాలాసేపు గేదెను రుద్దుతూనే ఉన్నాడు. యజమాని వచ్చి తాడు లాక్కోవాల్సి వచ్చింది.

ఆ సీను టీవీలో వచ్చిన రోజు ఇల్లు నిండా జనం. పలక దాటడం ఎంతసేపో రాలేదు. ఆమె కాళ్ళు, కుండ, నవ్వు. గేదె వీపూ, దాని పక్కన వంగిన నెరిసిన తలా ఓ మూల కనిపించి పోయాయి.

"అస్సలు భయపడలేదు కదా నానమ్మా!" అంది మనవరాలు.

"భయమెందుకే? మా ఊళ్ళో నేను పలక దాటే వేళకి ఒకాయన రోజూ కాలువలో గేదెను కడిగేవాడు. ఎప్పుడూ తలెత్తి చూసేవాడు కాదు. కానీ పడితే పట్టుకుంటాడని తెలుసు."

ఈ మనిషి కథలోకి కొత్తగా వచ్చాడు. దర్జీ చేతిలో సూది ఆగింది.

"ఎవరు నానమ్మా ఆయన?"

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు.

"మా ఊరాయనే" అంది.

దర్జీ సూదిలోకి దారం ఎక్కించబోయాడు. ఎక్కలేదు. భుజం మీద గేదె పొడిచినచోట ఇంకా నొప్పిగానే ఉంది. వచ్చేవారం బావి సీను ఉందని మనవరాలు అంటోంది. అతను దారం కొస తడి చేసుకుని, తల దించుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.