ఆవిడ కూర్చుంటే లేస్తా

కాదే అమ్మడూ, అక్కణ్ణుంచి మొదలుపెట్టకు. ఉద్యోగం పోయిన సంగతి చివర్లో వస్తుంది. ముందు కుర్చీలు రాయి. తెల్లవారగానే హాలు తలుపులు తీసి కుర్చీలు వేస్తున్నాడని రాయి. మీ నాయనమ్మకి పెద్దన్నయ్య, నాకు బావ అని ఒక్కసారి రాస్తే చాలు. తెలిసినవాళ్లంతా ఆయన్ని కుర్చీలాయన అనేవాళ్లు. మనమూ అలాగే అందాం.

కుర్చీలాయన ఆ పొద్దున కుర్చీల్ని గుండ్రంగా వేస్తున్నాడు. ఒకదాని మీద ఒకటి ఎక్కించిన నాలుగింటిని తుంటికి ఆనించుకుని, పసిపిల్లని చంకనేసుకున్నట్టు మోసుకొచ్చి ఒక్కోటీ దించుతున్నాడు. ఎప్పుడూ ఈడ్చేవాడు కాదు. ఈడిస్తే నున్నటి నేల మీద గీత పడుతుంది, వినేవాళ్ల పళ్లు జివ్వుమంటాయి. పొడుగాటి మనిషి, ఎప్పుడూ బూడిదరంగు ప్యాంటే. ఏళ్ల తరబడి బరువంతా ఒకవైపే మొయ్యడం వల్ల కుడిభుజం కిందికి జారిపోయి, చొక్కా ఆ వైపు వేలాడుతున్నట్టుండేది. ఇనప గొట్టం ఆనేచోట అరచేతుల్లో అడ్డంగా కాయలు కాశాయి. గుండ్రం పూర్తయ్యాక మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. ఒక కుర్చీ పక్కదాని కంటే కాస్త ముందుకొచ్చింది. కాలి బొటనవేలితో దాన్ని వెనక్కి నెట్టాడు.

ఆ భవనం నాయకత్వం నేర్పే చోటు. పెద్ద పెద్ద కంపెనీలు తమ ఆఫీసర్లని అక్కడికి పంపుతాయి, కిందివాళ్ల చేత పనెలా చేయించుకోవాలో నేర్చుకు రమ్మని. దానికి పద్ధతులు చాలా ఉన్నాయట, లావుపాటి పుస్తకాలున్నాయట. కుర్చీలాయన అవేమీ చదవలేదు. ఏ పాఠానికి కుర్చీలు ఎలా వెయ్యాలో ముందురోజు చెప్పేవాళ్లు. దాన్ని బట్టి పాఠానికి ఆయనే ఒక పేరు పెట్టుకునేవాడు. వరసలుగా వేసి ఎదురుగా ఎత్తుబల్ల పెడితే హుకుం పాఠం. గుర్రపు నాడాలా వంపు తిప్పితే సలహా పాఠం. అందులో అందరూ మాట్లాడతారు, ఆఖరికి నడిమధ్య కూర్చున్నవాడు అనుకున్నదే అవుతుంది. గదంతా చిన్న చిన్న గుంపులుగా వదిలేస్తే ఎవరిష్టం వాళ్ల పాఠం. గుండ్రంగా వేసి మధ్యలో ఏమీ లేకపోతే సేవ పాఠం. నాయకుడంటే అందరికంటే పెద్ద సేవకుడని అందులో చెప్తారు.

"ఇవాళ ఏ పాఠం అన్నయ్యా?" వరండాలోంచి టీ ఆవిడ కేకేసింది.

"గుండ్రం."

"అయితే పాలు ఇంకాస్త పొయ్యాలి. సేవ గురించి వింటే జనానికి దాహం ఎక్కువ."

ఆయన నవ్వాడు. కానీ వరండాలోకి వచ్చేసరికి ఆ నవ్వు నిలవలేదు. టీ ఆవిడ బల్లకి నడుం ఆనించి, ఒక కాలు ఎత్తి రెండో కాలి మీద రుద్దుకుంటోంది. మేజోడు అంచు పిక్కలోకి దిగబడింది. దాని పైన నరాలు నీలంగా, తాడు పేనినట్టు మెలికలు తిరిగి ఉన్నాయి. ముందురోజు టీ పోస్తూ పోస్తూ బల్ల పట్టుకుని అలాగే కిందికి జారిపోయింది. వేడి టీ మణికట్టు మీద ఒలికి బొబ్బలెక్కింది. పైకి తెలిస్తే చేతకాదని తీసేస్తారని, మంచాన పడ్డ మొగుడికి తన జీతమే ఆధారమని, ఎవరికీ చెప్పొద్దని ఆయన చేత ఒట్టు వేయించుకుంది.

ఆ బల్ల వెనక ఇదివరకు ఒక స్టూలుండేది. కొత్త డైరెక్టర్ వచ్చిన వారంలోనే దాన్ని తీయించేశాడు. కూర్చున్న మనిషిని చూస్తే పనిలేనట్టు కనపడుతుందట. వచ్చేవాళ్ల కళ్లముందు సిబ్బంది ఎవరూ కూర్చోకూడదు. ఇంకో మాట కూడా చెప్పాడు. ఎవరి పని వాళ్లే చెయ్యాలి, ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు.

కుర్చీలాయన డైరెక్టర్లని చాలామందిని చూశాడు. మొదట వచ్చినాయన నోరు తెరిస్తే తిట్లే, కానీ ఎవరి పిల్లకి జ్వరమో ఎవరి ఇంట్లో గొడవో ఆయనకి తెలిసేది. ఆ తర్వాతాయన గోడకి ఏ రంగు వెయ్యాలో తోటమాలిని కూడా అడిగాడు. అడుగుతూ ఉండగానే బదిలీ అయిపోయింది, గోడ అలాగే ఉంది. మరొకాయన గది తలుపు వేసుకుంటే సాయంత్రమే తీసేది. మంచివాళ్లో చెడ్డవాళ్లో, వాళ్లందరికీ కుర్చీ వేసింది కుర్చీలాయనే. కుర్చీ ఊడినప్పుడు పక్కకి తీసిందీ ఆయనే. ఆయన మాత్రం వాటిలో ఎప్పుడూ కూర్చోలేదు. ఎవరూ వద్దనలేదు. మొదట్లో తీరిక లేదు, తర్వాత అలవాటు లేదు.

స్టూలు సంగతి అడుగుదామని ముందురోజు సాయంత్రం డైరెక్టర్ గదికి వెళ్లాడు. డైరెక్టర్ కోప్పడలేదు. కంప్యూటర్ మీద నుంచి కళ్లు కూడా తిప్పలేదు. "నీ పని కుర్చీలు వెయ్యడం. ఎవరు కూర్చోవాలో చెప్పడం కాదు" అన్నాడు.

ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది. ఆయన భార్య బట్టల కొట్లో అమ్మకానికి నిలబడేది. పొద్దున నిలబడితే కొట్టు కట్టేదాకా నిలబడేది. ఇంటికొచ్చి నేల మీద పడుకుని కాళ్లు గోడకి ఎత్తిపెట్టి, "ఇవి నా కాళ్లు కావు, కొట్టువాడివి, పొద్దున్నే తిరిగిచ్చెయ్యాలి" అని నవ్వించేది. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆ గోడ మీద మడమల మరకలు సున్నం వేశాక కూడా కొన్నాళ్లు కనపడ్డాయి.

అందుకే ఆ పొద్దున గుండ్రం సరిచూసుకున్నాక, కింద గోదాంలోకి దిగి ఇంకో కుర్చీ తెచ్చాడు. టీ బల్ల వెనక వేశాడు.

"ఇదేంటన్నయ్యా?"

"కూర్చో."

"అమ్మో! ఆయన చూస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"కూర్చోమంటున్నానా!"

టీ ఆవిడ గరిట పక్కన పడేసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నువ్వు కూడా హుకుం పాఠం మొదలెట్టావా? నిలబడమని ఆయన, కూర్చోమని నువ్వు. నా కాళ్ల మీద అందరికీ పెత్తనమే!"

కుర్చీలాయనకి ఠపీమని తగిలింది. నిజమే. తర్వాత కుర్చీని బల్ల పక్కకి, అందరికీ కనపడేలా జరిపి, తనే అందులో కూర్చున్నాడు. మెత్త కిందికి దిగింది. వీపుకి ఏదో ఆనడం ఆయనకి వింతగా అనిపించింది. లేవబోయి మళ్లీ సర్దుకున్నాడు.

"నీకేమైనా పిచ్చా?"

"నిన్ను కూర్చోమనను. నీ కుర్చీకి కాపలా కాస్తా. నువ్వు కూర్చుంటే లేస్తా."

ఆఫీసర్లు వచ్చారు. కూర్చున్న ముసలాయన్ని వింతగా చూస్తూ హాల్లోకి వెళ్లారు. పాఠం మొదలైంది. అప్పుడు ఒక లావుపాటి ఆఫీసరు ఆలస్యంగా, రొప్పుతూ వచ్చాడు. ఆయన వస్తాడని ఎవరూ చెప్పలేదు. కుర్చీ చాల్లేదు. పాఠం చెప్పే మేడమ్ తలుపు దగ్గరికి వచ్చింది.

"పెద్దాయనా, ఇంకో కుర్చీ కావాలి. ఇది తీసుకోనా?"

"ఇది టీ చెల్లెమ్మదండీ. ఆవిడ కూర్చుంటే లేచి మీకు ఇంకోటి తెస్తా."

మేడమ్ టీ ఆవిడ వైపు చూసింది. టీ ఆవిడ కప్పుల వైపు చూసింది. "నేనేం చెప్పలేనండీ" అని మేడమ్ డైరెక్టర్‌కి ఫోన్ చేసింది.

డైరెక్టర్ చకచకా వచ్చాడు. అప్పటికే హాలు తలుపు దగ్గర నలుగురైదుగురు ఆఫీసర్లు చేరారు. ఆయన గొంతు తగ్గించి, పళ్ల మధ్య నుంచి అన్నాడు. "లే."

"లేవను సార్."

"ఏమన్నావ్?"

"ఆవిడ కూర్చుంటే లేస్తా. లేకపోతే సాయంత్రం దాకా ఇక్కడే ఉంటా. నేనేం అరవట్లేదు, కూర్చున్నానంతే."

డైరెక్టర్ చుట్టూ చూశాడు. నేల తుడిచే అమ్మాయి కర్ర పట్టుకుని నిలబడింది. "నువ్వెళ్లి కుర్చీ తీసుకురా."

"నా పని తుడవడం సార్. వేరేవాళ్ల పని ముట్టుకోవద్దన్నారుగా మీరు."

నిచ్చెన మీదున్న కరెంటు మనిషిని పిలిచాడు. "కుర్చీలో కరెంటుందా సార్?" అన్నాడు వాడు పైనుంచే. ఎవరో కిసుక్కున నవ్వారు. గేటు దగ్గర కాపలావాడు తన పేరు వినపడక ముందే అటు తిరిగి గేటు తెరిచే పనిలో పడ్డాడు, అప్పుడు ఏ బండీ రాకపోయినా.

వాళ్లెవరికీ కుర్చీలాయన ఒక్క మాట చెప్పలేదు. ముందు అనుకున్నదీ కాదు. ఆయన వీపు కుర్చీని వదల్లేదు. నడుముకున్న తాళంచెవి తీసి చాచాడు. "గోదాం కింద ఉంది సార్. లైటు స్విచ్చి కుడివైపు."

డైరెక్టర్ మొహం కందగడ్డయింది. ఇంతమంది ముందు అరవలేడు, ఆఫీసర్ని నిలబెట్టనూ లేడు. తాళంచెవి లాక్కుని మెట్లు దిగాడు. టీ ఆవిడ "పోయింది, ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి" అని గొణిగింది.

డైరెక్టర్ పైకి వచ్చేసరికి టై భుజం మీదికి ఎగిరిపోయింది. కుర్చీని ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పొట్టకి హత్తుకుని, దాని కాళ్ల మీదుగా దారి చూసుకుంటూ మెట్లెక్కుతున్నాడు. అది చూసి లావుపాటి ఆఫీసరు ఉన్నట్టుండి చప్పట్లు కొట్టాడు.

"ఓహో! ఇదా పాఠం! నేను ఆలస్యంగా వచ్చి మిస్సయ్యాననుకున్నా. మాటలు చెప్పకుండా చేసి చూపిస్తున్నారన్నమాట! డైరెక్టరు మొయ్యాలి, పనివాడు కూర్చోవాలి. శభాష్!"

హాల్లో ఉన్నవాళ్లంతా బయటికి వచ్చేశారు. చప్పట్లు. ఫోన్లు తీశారు, ఫొటోలు తీశారు. డైరెక్టర్ కుర్చీతో సహా అక్కడే ఆగిపోయాడు. మింగలేడు, కక్కలేడు. కాసేపటికి పెదాలు సాగదీసి నవ్వాడు.

"మరి ఆ కుర్చీ ఎవరికి సార్?" అని లావుపాటి ఆఫీసరు ఉత్సాహంగా అడిగాడు.

అందరూ డైరెక్టర్ వైపు చూశారు. డైరెక్టర్ కుర్చీని పొట్టకి ఇంకాస్త హత్తుకున్నాడు. కుర్చీలాయన టీ ఆవిడ వైపు తిరిగాడు. అది ఆయన అనాల్సిన మాట కాదు.

"నాకే" అంది టీ ఆవిడ.

బల్ల వెనక నుంచి ముందుకొచ్చి, డైరెక్టర్ చేతుల్లోంచి కుర్చీ అందుకుని, బల్ల వెనక వేసుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది. కూర్చున్నాక ఒక్కసారి కళ్లు మూసుకుంది. కాళ్లలోంచి ఏదో దిగిపోతున్నట్టు ఆవిడ మొహమంతా వదులైంది. తర్వాత కళ్లు తెరిచి మొదటి కప్పులో టీ పోసి, "ఎవరికి?" అని అడిగింది.

కుర్చీలాయన లేచాడు. తను కూర్చున్న కుర్చీని తుంటికి ఆనించుకుని హాల్లోకి తీసుకెళ్లి లావుపాటి ఆఫీసరుకి వేశాడు. గుండ్రం కాస్త పెద్దది చెయ్యాల్సి వచ్చింది.

సాయంత్రం డైరెక్టర్ పిలిపించాడు. ఈసారి కంప్యూటర్ వైపు చూడలేదు. "రేపట్నుంచి రానక్కర్లేదు."

"సరే సార్. ఆ కుర్చీ తీసేస్తారా?"

డైరెక్టర్ బల్ల మీదున్న ఫోన్ మోగుతూనే ఉంది. అన్ని కంపెనీల నుంచీ మెచ్చుకోళ్లట. ఫొటో ఎక్కడెక్కడికో వెళ్లిపోయింది. ఆయన ఫోన్ బోర్లా పెట్టి, "ఎలా తీస్తాను?" అన్నాడు విసుగ్గా.

కుర్చీలాయన నవ్వాడు.

"ఉద్యోగం పోతే నవ్వొస్తోందా నీకు?"

"నా పని కుర్చీలు వెయ్యడమన్నారు కదా సార్. వేశాను."

తిరిగొచ్చి హాల్లో కుర్చీలన్నీ ఎత్తి పేర్చాడు. ఆ పని సగంలో వదలడం ఆయనకి నచ్చలేదు. టీ ఆవిడ బల్ల దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "నా మూలంగానే అన్నయ్యా..."

"కూర్చుని ఏడువు" అన్నాడు. "నిలబడి ఏడిస్తే మాత్రం ఊరుకోను."

ఏడుస్తూనే నవ్వింది, కూర్చుంది. ఆయన గేటు దాటి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు. వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు. టీ ఆవిడ మాత్రం వయసు చెల్లేదాకా అక్కడే చేసింది, కూర్చునే చేసింది. ఇప్పుడు ఆ బల్ల దగ్గర వేరే అమ్మాయి ఉంది. ఆ అమ్మాయీ కూర్చునే ఉంటుంది, ఎందుకో తనకి తెలియకపోయినా.

ఇదంతా మీ అక్కకి ఫోన్ చేసి చదివి వినిపించు అమ్మడూ. నిదానంగా చదువు. ఆఫీసులో పదిమందికి పెద్దని చేశారని, ట్రైనింగుకి పంపుతున్నారని అంది కదా, ఆ భవనానికే. మెట్ల పక్కన గోడ మీద నిలువెత్తు ఫొటో ఉంటుంది. కుర్చీ మోసుకొస్తున్న డైరెక్టరు, కింద బంగారు రంగు అక్షరాల్లో 'నాయకుడే సేవకుడు' అని. ఆయన్ని చూడక్కర్లేదని చెప్పు. ఎడమవైపు కింది మూలకి చూడమను. ఫొటో కత్తిరించినవాడి కళ్లు కప్పి మిగిలిపోయింది కాస్త ముక్క, చట్రాన్ని ఆనుకుని: బూడిదరంగు ప్యాంటులో మడిచిన ఒక మోకాలు, దాని మీద కదలకుండా ఒక చెయ్యి.