వంతెన మీది గీత

నూకరాజు ఉద్యోగమంతా బిలాస్‌పూర్ రైల్వేలో, వంతెనల పనిలోనే గడిచింది. వరద ఎంత ఎత్తుకు వచ్చిందో స్తంభం మీద రంగుతో గీత గీయడం ఆ పనిలో భాగం. ఆ గీతంటే ఆయనకు దేవుడి మాట. రిటైరై క్వార్టర్ ఖాళీ చేశాక ఊరి అంచున మంగ్లాలో, తమవాళ్లు గెడ్డ అనే వాగు పక్కన స్థలం కొంటుంటే భార్య అప్పలనర్సమ్మ సణిగింది. ఆయన ఆమెను ఆ గెడ్డ మీది రైలు వంతెన దగ్గరకు తీసుకెళ్లి, తాను గీసిన గీతే చూపించాడు. ఇంటి పునాది దానికి మూరెడు పైనే వేయించాడు.

"ఈ గీత దాటి గెడ్డ రాదే. వొస్తే నా పేరు మార్సీ."

ఎందుకు రాదూ? ఎగువన పొలాలన్నీ కాలనీలయ్యాయి. సందులన్నీ సిమెంటు, పెరళ్లన్నీ టైల్స్. కాస్త మట్టి కనిపిస్తే మనుషులకు నామోషీ. నూకరాజు కూడా తన పెరడంతా గచ్చు చేయించాడు. ఇదివరకు వాన నేలలో ఇంకి, తీరిగ్గా గెడ్డలోకి ఊరేది. గెడ్డ వేసవి దాకా పారేది. ఇప్పుడు మబ్బు కురిస్తే చాలు, ఊరి నీళ్లన్నీ ఒక్కసారే మీద పడతాయి. వాన వెలిస్తే మిగిలేది ఇసుకే.

పోయిన శ్రావణంలో గెడ్డ ఇంట్లోకే వచ్చింది. బియ్యం డబ్బా తేలింది. మంచం మీద కాళ్లు ముడుచుకు కూర్చున్న అప్పలనర్సమ్మ అడిగింది: "నీ గీత సంగతి గెడ్డకి సెప్పినావేటి?"

నీళ్లు తగ్గగానే ఆయన రంగుడబ్బా పట్టుకుని వంతెన మీద కొత్త గీత గీయడానికి బయల్దేరాడు. ఆమె గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మతి పోనాదేటి? ఆ గీత సూసినోడు ఇల్లు కొంతాడా? అమ్మీసి ఊరికి అటేపు సర్కండా ఎలిపోదాం. ఇంకో వానాకాలం ఇక్కడుంటే నాను బతకను."

ఆ రంగుతోనే గోడల మీది బురద చారలు కప్పేశారు.

మే నెలలో ప్రవీణ్ అనే బ్యాంకు కుర్రాడు భార్యతో, చంటిపిల్లతో వచ్చాడు. ఇల్లు నచ్చింది.

"అంకుల్, బారిష్‌లో, అదే వానల్లో, ఈ నాలా నీళ్లు ఇంట్లోకి వస్తాయా? సచ్ చెప్పండి."

నూకరాజు భార్య వైపు చూశాడు. ఆమె తల తిప్పుకుంది. ఆయన నోటితో అబద్ధమాడలేదు. ప్రవీణ్‌ను వంతెన దగ్గరకు తీసుకెళ్లి పాత గీత చూపించాడు.

"అచ్ఛా, అంత కిందా! రైల్వే గీత కదా, ఇంక టెన్షన్ లేదు." ప్రవీణ్ వంగి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాడు. పిల్ల చేత కూడా పెట్టించాడు.

వాళ్లు వెళ్లాక నూకరాజుకు తన ముఖం మీద తనే ఉమ్మేసుకోవాలనిపించింది. కనీసం కడుక్కుందామని గెడ్డలోకి దిగాడు. దోసెడు నీళ్లు లేవు.