బహుశా లేని కార్డు

బాబాయి కొట్లో పనికి కుదిరిన మొదటి రోజే ఆయన ఒక్క మాట చెప్పాడు.

"పిల్లని వెంట తెచ్చుకో, కాదనను. లోపలి గదిలో ఉయ్యాల వేసుకో, పాలు పట్టుకో, పాటలు పాడుకో. కానీ పిల్ల పని బల్ల దగ్గరికి వచ్చిందా, ఆ రోజే ఆఖరు. తర్వాత బాబాయ్ బాబాయ్ అని ఎంత బతిమాలినా వినను."

సొంత బాబాయి కాదు, మా అమ్మకి పెత్తల్లి కూతురి భర్త. పాత నగలు బాగుచేయడం ఆయన పని. కొత్తవి ముట్టుకోడు. విరిగిన కొక్కేలు, ఊడిన రాళ్ళు, అరిగిపోయిన గొలుసులు, ఎవరివో తెలియకుండా చేతులు మారుతూ వచ్చిన వస్తువులు, ఇవే ఆయన చుట్టూ ఉండేవి. ఆయనకి చూపు తగ్గింది. నా చదువు తొమ్మిదో తరగతితోనే ఆగిపోయినా కన్నూ వేళ్ళూ బాగానే పనిచేస్తాయి. అందుకని పిలిపించాడు.

పిల్లని తెచ్చుకోవచ్చు అన్న మాట వినగానే మిగతాదేమీ అడక్కుండా ఒప్పుకున్నాను. పిల్లని వదిలి నేను గంటసేపు ఉండలేను. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. తుమ్మితే నుదురు పట్టుకుంటాను, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదా అని చూస్తాను. మా ఆయన బస్సు నడుపుతాడు, తెల్లారేసరికే వెళ్ళిపోతాడు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. పాకే పిల్ల వెనక తిరగలేదు. "నీకు భయపడటం తప్ప ఇంకేం చేతకాదే" అంటుందావిడ. నిజమే. వేరే ఏ పనికి పోయినా పిల్లని ఎవరి చేతుల్లోనో పెట్టి పోవాలి. ఈ కొట్లో అయితే అటు తిరిగితే ఉయ్యాల, ఇటు తిరిగితే బల్ల.

ఆ భయం కొట్లో పనికొచ్చింది కూడా. ఏ నగ వచ్చినా ముట్టుకునే ముందు నోటు పుస్తకంలో బొమ్మ వేసుకుంటాను. ఎన్ని రాళ్ళు, ఎక్కడ గీత, ఎక్కడ సొట్ట, ఏ అంచు అరిగింది అన్నీ రాసుకుంటాను. తర్వాత ఎవరూ నన్ను అనకూడదని. బాబాయి నవ్వేవాడు. "నువ్వు నగ తుడుస్తున్నావా, పంచనామా రాస్తున్నావా?"

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో పళ్ళ డాక్టరమ్మ వేరు. ఆసుపత్రి మూసేసి ఆరేళ్ళయింది. ఒక్కతే ఉంటుంది. ఆవిడ కొనేది ఒకటే రకం, హార్టు ఆకారంలో ఉన్న పాత బంగారపు నగలు, వాటిలో వజ్రాలుండాలి. ఆవిడ నాయనమ్మ కన్నా పాతవై ఉండాలి. లాకెట్లు, పిన్నులు, ఉంగరాలు. ఒకదాంట్లో రెండు హృదయాలు ఒకదాని భుజం మీద ఇంకోటి వాలి ఉంటాయి. ఒకటి చిన్న తాళంకప్ప, తాళంచెవి ఎప్పుడో పోయింది. పాత ఇళ్ళ సామాను వేలం వేసే చోట్లకి పోయి, పొద్దంతా నిలబడి, ఒక్కొక్కటీ ఏరుకొస్తుంది. అప్పటికి ముప్ఫై ఒకటి పోగయ్యాయి.

బాబాయికి వాటి ఆకారం చూస్తే తమలపాకే గుర్తొచ్చేది. "అమ్మడూ, డాక్టరమ్మ తమలపాకులు వచ్చాయి, గుడ్డ పరువు" అనేవాడు.

"తమలపాకులు కావు మేస్త్రీ, హృదయాలు" అనేది ఆవిడ, ప్రతిసారీ.

"ఏవైతేనేం డాక్టరమ్మా, తొడిమ లేదు, అంతేగా తేడా."

ఆవిడ నగల్ని మెరిపించనిచ్చేది కాదు. దుమ్ము తీయాలి, కొక్కెం గట్టిగా ఉందో లేదో చూడాలి, అంతే. "గీతలు పోగొట్టొద్దు. గీతలు పోతే నేను కొన్నది ఏది?" అనేది. ఒక్కొక్క నగకీ అట్టముక్క మీద ఒక కార్డు రాసి పెట్టేది. నేను కొన్ని చదివాను. 'ఎడమ అంచున గీత. బహుశా తలుపు గడియకి తగిలి ఉంటుంది.' 'వెనక వైపు బాగా అరిగింది. బహుశా రోజూ పెట్టుకునేవారు.' 'ఒక రాయి మారింది. బహుశా పోయి ఉంటుంది, బహుశా పెళ్ళికి ముందు.' ఆవిడ మాత్రం ఒక్కటీ పెట్టుకునేది కాదు. ఎందుకమ్మా అంటే, "నేను పెట్టుకుంటే నా గీతలు కూడా పడతాయిగా అమ్మాయ్. అవి కలిసిపోతే ఎవరివి ఏవో ఎలా తెలుస్తుంది?" అంది.

ముప్ఫై రెండోది ఆ సోమవారం తెచ్చింది. బొటనవేలి గోరంత లాకెట్టు. పల్చటి రేకు బంగారం, లోపల బోలు. ముందు వైపు పందొమ్మిది చిన్న వజ్రాలు, పాతకాలపు కోత, పెద్దగా తళతళలాడవు, లోపలినుంచి తేనెలాగా వెలుగుతాయి. ఆ వెలుగు రాయిది కాదు. రాయి కింద ఉల్లిపొరలాంటి వెండి రేకు వేసి వెనక బంగారంతో మూసేస్తారు. వెలుతురు ఆ రేకుకి తగిలి తిరిగొస్తుంది. అలాంటి మూసిన నగని నీళ్ళలో ముంచకూడదు. తడి లోపలికి పోయిందంటే రేకు నల్లబడుతుంది, రాయి కళ్ళు మూసుకుంటుంది. బాబాయి నాకు నేర్పిన మొదటి పాఠం అదే. వెనక తెరిచి ఉంటే సబ్బునీళ్ళు, మూసి ఉంటే పొడి కుంచె.

బుధవారం మా పిడుగు పొద్దున్నుంచీ ఒకటే ఏడుపు. పిడుగంటే నా కూతురే, ఆ పేరు వాళ్ళ నాన్న పెట్టాడు. కింది పళ్ళు రెండూ అప్పుడే పైకొచ్చాయి, చిగుళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. ఉయ్యాల్లో వేస్తే ఆరున్నొక్క రాగం. బాబాయి తీగ కొనడానికి బజారుకెళ్ళాడు. అరగంటలో వస్తానన్నాడు. నేను పిల్లని ఒళ్ళో వేసుకుని బల్ల ముందు కూర్చున్నాను. ఒళ్ళోకి రాగానే ఏడుపు ఆగింది. ఒక చేత్తో పిల్లని పట్టుకుని ఇంకో చేత్తో లాకెట్టు మీద కుంచె ఆడిస్తున్నాను. వీధి తలుపు ఎవరో తట్టారు. పక్క కొట్టు అడ్రసు అడుగుతున్నారు. తల తిప్పి చెప్పాను, అంతే. మళ్ళీ ఇటు తిరిగేసరికి గుడ్డ మీద లాకెట్టు లేదు.

పిడుగు నోట్లో ఉంది.

వేలు పెట్టి లాగాను. పిల్ల గట్టిగా కరిచి పట్టుకుంది. ఎలా లాగానో నాకే తెలియదు. రాళ్ళు లెక్కపెట్టాను, పందొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాను. మూడోసారి వేలి గోరు ఒక్కో రాయి మీద ఆనించి లెక్కపెట్టాను. పందొమ్మిదే. పిల్ల నోరు తెరిచి నాలుక కింద కూడా చూశాను. అప్పుడు ఊపిరి వచ్చింది. లాకెట్టు నిండా చొంగ, బిస్కెట్టు ముద్ద. లేచి, కుళాయి కింద పెట్టి, సబ్బు రుద్ది, కింద పడ్డ పాలపీకని కడిగినట్టు శుభ్రంగా కడిగేశాను. తుడిచాను కూడా. తుడుస్తూ వెనక్కి తిప్పితే, మూసిన బంగారం.

పిల్లని తీసుకెళ్ళి ఉయ్యాల్లో వేసి వచ్చాను. ఈసారి ఏడవలేదు.

బాబాయి వచ్చాక చెప్పాను. "బాబాయ్, మరిచిపోయి నీళ్ళతో కడిగేశాను."

ఆయన భూతద్దం కంటికి పెట్టుకుని చాలాసేపు చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇంత జాగ్రత్త మనిషివి, నువ్వా?" అన్నాడు. భూతద్దం దించి, "తడి లోపలికి పోయింది. వారం తిరిగేలోపు పొగ పట్టినట్టయిపోతుంది. విప్పి కొత్త రేకు వేయొచ్చు గానీ, అప్పుడది పాతది కాదు. సర్లే. శుక్రవారం డాక్టరమ్మ వస్తే నేను మాట్లాడతాలే. పాత రేకు కదా, తేమకి నల్లబడిందంటే సరిపోతుంది" అన్నాడు.

పిల్ల సంగతి చెప్పలేదు నేను. నోటిదాకా వచ్చింది, లోపల ఉయ్యాల కిర్రుమన్న చప్పుడు విని మింగేశాను.

మర్నాడు లాకెట్టుని వెలుతుర్లో పెట్టి చూస్తే అంచు దగ్గర రెండు చిన్న సొట్టలు కనిపించాయి, పక్కపక్కనే, బియ్యపుగింజ మొనంత. నోటు పుస్తకం తీశాను. సోమవారం నేను వేసిన బొమ్మలో అవి లేవు.

శుక్రవారం డాక్టరమ్మ వచ్చింది. కుర్చీలో కూర్చుని, చేతిసంచీలోంచి తన సొంత భూతద్దం తీసి, లాకెట్టుని అటూ ఇటూ తిప్పింది. బాబాయి గొంతు సవరించుకున్నాడు. "అదీ డాక్టరమ్మా, పాత రేకు..."

"మేస్త్రీ, ఆగండాగండి!" ఆవిడ కుర్చీలోంచి సగం లేచింది. "ఇది నేను ఎలా చూడలేదు? ఇదిగో, ఈ అంచున చూడండి. రెండు గాట్లు. ఇవి పళ్ళ గాట్లండీ. కింది ముందు పళ్ళు రెండు. పాలపళ్ళు! ఆ ఎడం చూస్తే తెలియట్లా? నలభై ఏళ్ళు నోళ్ళలోకి చూశాను, నాకు తెలీదూ!"

ఆవిడ మొహం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు. "ఎవరో తల్లి దీన్ని మెళ్ళో వేసుకుని ఉంటుంది. పిల్లకి పళ్ళొస్తున్నాయి, చిగుళ్ళు దురద. ఒళ్ళో కూర్చుని పట్టుకుని కొరికింది. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుంది? పోయి ఎన్నేళ్ళయిందో! గాటు మాత్రం ఇక్కడుంది." సంచీలోంచి కార్డు తీసింది. కలం మూత తీసింది. 'అంచున రెండు పంటి గాట్లు. బహుశా' అని రాసింది.

నేను నోరు మూసుకుంటే సరిపోయేది. రేకు సంగతి బాబాయి చూసుకుంటానన్నాడు. గాట్ల సంగతి ఆవిడే తేల్చేసింది. సోమవారం నుంచి నా ఉయ్యాల నాకుంటుంది, నా బల్ల నాకుంటుంది. కానీ ఆవిడ రోజంతా నిలబడి ఏరుకొచ్చేది ఆ గీతల కోసమే. ఆ కార్డు మీద ఇంకెవరి పిల్లో వచ్చి కూర్చుంటోంది.

"కాదమ్మా," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ అన్నాను. "అవి పాతవి కావమ్మా. మా పిల్లవి."

కలం ఆగింది.

నోటు పుస్తకం తెచ్చి సోమవారం బొమ్మ చూపించాను. ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం, తల తిప్పడం, నోట్లో పెట్టుకోవడం, నీళ్ళు, సబ్బు, అన్నీ చెప్పాను. బాబాయి వైపు చూడలేకపోయాను. డాక్టరమ్మ కలానికి మూత పెట్టింది. లాకెట్టుని పెట్టెలో పెట్టి, పెట్టెని సంచీలో పెట్టి, లేచి వెళ్ళిపోయింది. సగం రాసిన కార్డు బల్ల మీదే మరిచిపోయింది.

బాబాయి దీపం కట్టేసి, "పొద్దుపోయింది, ఇంటికెళ్ళు" అన్నాడు. ఇంకా సాయంత్రం నాలుగే.

సోమవారం పిల్లని అత్తయ్య దగ్గర వదిలి ఒక్కదాన్నే వెళ్ళాను, కొట్టు తాళంచెవి ఇచ్చేసి వద్దామని. దారంతా వెనక్కి చూస్తూనే నడిచాను. కొట్లో రంపం చప్పుడు. లోపలి గదికీ బల్లకీ మధ్య గుమ్మంలో బాబాయి నేలమీద కూర్చుని పాత తలుపు రెక్కని సగానికి కోస్తున్నాడు.

"పిల్లేది?" అన్నాడు తలెత్తకుండా.

"ఇంటి దగ్గర, బాబాయ్. నువ్వే అన్నావుగా, ఆ రోజే ఆఖరని."

"బల్ల దగ్గరికి రాకూడదన్నాను. కొట్టుకే రాకూడదన్నానా?" మేకు నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నాడు. "నేనూ బజార్లో గంటన్నర కూర్చున్నాలే, అరగంటన్నవాణ్ణి. ఇదిగో, ఈ అడ్డ తలుపుకి ఇటువైపు గడియ. పిడుగు దాటలేదు. ఇంకో మాట విను, మూడు నెలలు నువ్వు రాళ్ళు ముట్టుకోవు. గొలుసులూ కొక్కేలే."

"సరే బాబాయ్."

"ఆ నగ పాడైనందుకు కాదు. 'మరిచిపోయా' అన్నావు చూడు, దానికి."

ఆ మాట నేను ఇంటికొచ్చాక కూడా చాలాసార్లు గుర్తుచేసుకున్నాను.

పదిరోజుల తర్వాత డాక్టరమ్మ వచ్చింది. మళ్ళీ రాదనే అనుకున్నాను. పెట్టె తెరిచి లాకెట్టు బల్ల మీద పెట్టింది. బాబాయి చెప్పినట్టే రాళ్ళు పొగ పట్టినట్టున్నాయి, వానకి ముందు ఆకాశంలా.

"రేకు మార్చమంటారా?" అన్నాడు బాబాయి.

"వద్దు. ఉండనివ్వండి." నా వైపు తిరిగింది. "నాకు కోపం పోలేదమ్మాయ్. అబద్ధమెందుకు, దీన్ని చూసిన ప్రతిసారీ మండుతోంది."

తల దించుకున్నాను.

"ఆ కార్డేది?"

సొరుగులో దాచి ఉంచాను, తీసిచ్చాను. ఆవిడ దాన్ని చాలాసేపు చూసి, "బహుశా" అన్న మాటని అడ్డంగా కొట్టేసింది. "ఇంకా ముప్ఫై ఒక్క కార్డులున్నాయి నా దగ్గర. అన్నింటిలోనూ ఈ మాటుంది. ఎవరు గీశారో, ఎప్పుడు గీశారో, చెప్పేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. దీనికి ఉన్నారు." కలం నా ముందుకు తోసింది. "నువ్వే రాయి."

"నా రాత బాగోదమ్మా. తప్పులు కూడా పోతాయి."

"గాట్లు బాగున్నాయా ఏం?"

బాబాయి మొహం అటు తిప్పుకుని దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

వంకరటింకరగా రాశాను. తేదీ వేశాను. బుధవారం, పొద్దున పది దాటాక. ఎనిమిది నెలల పిల్ల, కింది పళ్ళు రెండు. తల్లి అటు చూసింది. తర్వాత తల్లే నీళ్ళతో కడిగింది. అంతకంటే ఏం రాయాలో తోచలేదు. ఆవిడ చదివి, అక్షరాలు ఆరేదాకా చేత్తో విసిరి, లాకెట్టుతో పాటు పెట్టెలో పెట్టింది.

అడ్డ తలుపు పట్టుకుని పిడుగు నిలబడి చూస్తోంది, కొత్తగా నేర్చుకుంది నిలబడటం. డాక్టరమ్మ దాని దగ్గరికి వెళ్ళి, వంగి, గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. పిడుగు బుద్ధిగా తెరిచింది, నాకెప్పుడూ అలా తెరవదు.

"పైవి రెండూ వచ్చేస్తున్నాయి" అంది డాక్టరమ్మ. లేచి వచ్చి, పెట్టె మూసి, బాబాయికి అందించింది. "కొక్కెం చూసేదాకా దీన్ని ఆ పై అరలో పెట్టండి మేస్త్రీ. అన్నింటికన్నా పై అరలో."